ఒకటికి యాభై

సుల్తానాబాద్,
మార్చి 6

ప్రియమైన చింటూ బాపుకు,

సెలవు మీద వచ్చిన బుచ్చిరాములు మొన్న ఇంటికొచ్చాడు. నువ్వు పంపిన కెమెరా రీలు, ఖర్జూరాల పొట్లం, ఉత్తరం చేతికిచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చాయ్ పెడతానంటే "ఇప్పుడే తాగిన వదినె" అన్నాడు. మస్కట్‌లో నీ పనివాళ్ల క్యాంపులోనే ఉండి వచ్చినవాడు కదా, నాలుగు మాటలు చెబుతాడని అత్తమ్మ లోపలి నుంచి వచ్చేసరికి బండి స్టార్ట్ చేశాడు.

ఫోన్ ఉండగా ఉత్తరాలెందుకని మన చింటూ నవ్వుతున్నాడు. అక్కడ నీ గదిలో ఎనిమిది మంది. ఇక్కడ అత్తమ్మ స్పీకర్ పెట్టనిదే ఊరుకోదు. వీడియోలో నీ ముఖం తప్ప ఇంకేమీ చూపించవు. అడగాల్సింది అడగలేక "తిన్నవా, పన్నవా" అని పెట్టేస్తున్నాను.

ముందు రీలు కడిగే మందు సంగతి. పొడి డెవలపర్ మానేశాను. ఈ ఎండలకు కలిపి పెట్టింది నిలవడం లేదు. సీసాలో వచ్చే చిక్కటి డెవలపర్ తెప్పిద్దామని కరీంనగర్ వెళ్లి నీ ఉస్తాద్ సత్తార్ సాబ్‌ను అడిగాను. ఆయనకు చూపు తగ్గింది కానీ నోరు తగ్గలేదు. రెండు రకాలున్నాయట. ఒకదానితో ఫోటో నున్నగా వస్తుంది, కానీ మూత తీశాక తొందరగా చచ్చిపోతుంది. రెండోదానితో ఫోటోలో గింజ కనిపిస్తుంది, కానీ సీసాలో డికాషన్‌లా నల్లబడ్డా పని చేస్తుంది. "నెలకొక్క రీలొస్తే నీకు గొప్ప. నున్నగున్నదాని ఎంబడి వోకు బిడ్డా, నిలబడేదాన్ని తెచ్చుకో" అన్నాడు. రెండోదే తెప్పించాను. పిల్లలకు మందు పట్టే సిరంజితో కొలిచి, రంజన్ కుండలోని నీళ్లలో ఐసు ముక్క వేసి చల్లబరిచి కలిపాను.

నువ్వు రాసినట్టే ఒకటికి ఇరవై ఐదు, మందు ఒక పాలైతే నీళ్లు ఇరవై ఐదు. రీలు వేసిన ట్యాంకు బాగా ఊపమన్నావు, ఊపాను. ప్రింటు వేస్తే ఎండ పడ్డ ఇసుక సున్నం కొట్టినట్టు వచ్చింది. నీడ పడ్డదంతా బొగ్గు. అత్తమ్మ అద్దాలు పెట్టుకుని చూసి "గీ మసిల నా కొడుకు ఏడున్నడే?" అంది. నిజమే, నువ్వు ఏ ఫోటోలోనూ లేవు. పైగా అన్నీ నడుము ఎత్తు నుంచి తీసినవే. మంచం మీద కూర్చుని తీసినట్టున్నాయి.

కరీంనగర్‌లో ఇప్పుడు కొందరు పెళ్లి ఫోటోలు ఫిల్మ్ మీద, నలుపు తెలుపులో అడుగుతున్నారు. నువ్వొస్తే డార్క్ రూమ్ మళ్లీ నడిపిద్దామనుకున్నాం. బతుకమ్మకు వస్తానన్నావు. శివరాత్రి కూడా అయిపోయింది. ఎప్పుడొస్తావు? నాకు తెలియాల్సింది అదొక్కటే. మిగతావన్నీ కాగితం నింపడానికి రాశాను.

నీ
నవనీత

తా.క. నెగెటివ్‌లు సత్తార్ సాబ్‌కు చూపించాను. వెలుగుకు దగ్గరగా పట్టుకుని తిట్టాడు. "గా ఎండకు గింత ఘాటు మందెందుకు? ఒకటికి యాభై కలుపు. ఎక్కువసేపు ఉంచు. ఊకె ఊపకు. ఎండ ఆగుతది, నీడల ఉన్నది బయటికొస్తది." వచ్చే రీలు అలా కడగనా?


మస్కట్,
మార్చి 24

ప్రియమైన నవనీతకు,

రాహిల్ సెలవు మీద వస్తున్నాడు. ఇంకో రీలు, ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. సత్తార్ సాబ్ అల్లుడే కాబట్టి మామ దగ్గర పెడతాడు, వెళ్లి తెచ్చుకో. రీలు సంచిలో వేస్తే ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రే పడి పాడవుతుంది. చేతిలో పట్టుకుని, విడిగా చూడమని అడగమన్నాను.

మందు ఒకటికి ఇరవై ఐదే. యాభై వద్దు. ఉస్తాద్ కాలం వేరు. నాకు నలుపు నల్లగానే కావాలి. నీడలో ఉన్నదంతా కనిపిస్తే చూసేవాడి కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు. అంత పల్చన చేస్తే మన చిన్న ట్యాంకులో అసలు మందు ఎంత పడుతుంది? రీలుకు చాలదు. నెగెటివ్ సగం చచ్చి వస్తుంది. జర చెప్పినట్టు చెయ్యి.

కింది నుంచి తీస్తే మనిషి పెద్దగా కనిపిస్తాడు. అందుకే అలా తీశాను.

నన్ను బిల్డింగు మీది పని నుంచి స్టోరుకు మార్చారు. కూర్చుని చేసే పని, ఎండ లేదు. మా వంటమనిషి మెట్‌పల్లి వాడు. మా గది గుమ్మంలో నిలబడి ఉల్లిగడ్డలు కోస్తుంటాడు. ఈ రీలు నిండా అతనే. "నా పెండ్లికి గూడ గిన్ని ఫోటోలు దియ్యలేదన్నా" అంటాడు.

సెలవు సంగతి ఇంకా తేలలేదు. కొన్నాళ్లు ఆగాలి. అవ్వను ఫికర్ చేయొద్దను. ఇంట్లో నా బూట్లు రెండు జతలున్నాయి కదా, ఊరికే పడి ఉన్నాయి. బుచ్చిరాములు తమ్ముడికి ఇచ్చెయ్యి.

నీ
పరశురాములు


సుల్తానాబాద్,
ఏప్రిల్ 9

ప్రియమైన చింటూ బాపుకు,

రీలు కడిగాను. నీ మాటా విన్నాను, ఉస్తాద్ మాటా విన్నాను. మందు మీద అనుమానముంటే చీకట్లో రీలును సగానికి కత్తిరించి, రెండు రకాలుగా కడిగి చూడాలని నాకు నేర్పింది నువ్వే. నేర్పినట్టు నీకే గుర్తులేదు.

మొదటి సగం ఒకటికి ఇరవై ఐదు. గుమ్మంలో వంటమనిషి, చేతిలో కత్తి. అతని వెనక గది పలక లాగ నల్లగా ఉంది.

రెండో సగం ఒకటికి యాభై. మందు చాలదన్న మాట నిజమే. అందుకని పెద్ద ట్యాంకులో ఆ సగం ఒక్కటే వేసి, నిండా పోశాను. ఊపకుండా వదిలేశాను. ట్యాంకు కదలకుండా కూర్చుంది. నేనే కూర్చోలేకపోయాను. గదిలోకి, వాకిట్లోకి తిరిగాను. ఎందుకో నాకే తెలియలేదు.

ఆరాక ప్రింటు వేశాను. అదే గుమ్మం, అదే వంటమనిషి. ఈసారి వెనక గది కనిపించింది. మంచం మీద నేను పంపిన గళ్ల చద్దరు ఉంది. అంటే అది నీ మంచం. గోడకు రెండు చంకకర్రలు ఆనించి ఉన్నాయి. ఒకదాని మీద అత్తమ్మ నీ పెట్టెలో పెట్టిన తువ్వాల వేలాడుతోంది. మంచం కింద బూటు ఒక్కటే ఉంది. రెండోది ఫోటో అంచుకు అవతల ఉందేమోనని పక్క ఫోటోలు కూడా చూశాను. అన్నింట్లోనూ ఒక్కటే.

అత్తమ్మకు చూపించలేదు. ఫోన్‌లో అడగలేను, స్పీకర్ ఉంటుంది.

కుడిదా, ఎడమదా?

నవనీత


మస్కట్,
ఏప్రిల్ 20

ప్రియమైన నవనీతకు,

నీ ఉత్తరం ఇవాళే అందింది. జవాబు పోస్టులో వేసి ఆగలేను. రాసి, ఫోటో తీసి నీ ఫోన్‌కు పంపుతున్నాను. అవ్వ లేనప్పుడు చదువుకో.

ఎడమది. మోకాలి కింద నుంచి కాలు పోయింది. బతుకమ్మకు ముందు పైనుంచి ఇనుప పైపులు జారి పడ్డాయి. ఆసుపత్రిలో నా పక్కన ఉన్నది బుచ్చిరాములే. ఇంట్లో చెప్పనని అవ్వ మీద ఒట్టు వేయించుకున్నాను. అందుకే మీ చాయ్ తాగకుండా పోయాడు. వాణ్ణి ఏమీ అనకు.

కంపెనీ వాళ్లు పెట్టుడు కాలు ఇప్పిస్తామన్నారు. అది వచ్చాక, దాంతో నడవడం నేర్చుకుని, బస్టాండు నుంచి ఇంటి దాకా నడిచి వద్దామనుకున్నాను. చెబితే అప్పుడే చెబుదామనుకున్నాను. ఇవాళ అంటారు, రేపంటారు. రోజూ పొద్దున్నే ఆఫీసు గది ముందు కూర్చుంటున్నాను.

మందు ఘాటుగా కలపమని ఎందుకు రాశానో నీకు ఇప్పుడు తెలిసింది. మరి ఆ గుమ్మాన్నే అన్నిసార్లు ఎందుకు తీశావని అడుగుతావు. నాకూ తెలియదు. కర్రలను పక్కకు జరపాలంటే మంచం మీద నుంచి చెయ్యి చాపితే చాలు. జరపలేదు.

వచ్చి మాత్రం ఏం చేస్తాను? డార్క్ రూమ్ నిలబడి చేసే పని. ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడగలను? పెళ్లిళ్లలో మంటపం చుట్టూ ఎవరు పరుగెత్తుతారు? ఎవరినైనా చూసి పని నేర్పించుకో.

నీ
పరశురాములు


సుల్తానాబాద్,
మే 3

ప్రియమైన చింటూ బాపుకు,

అత్తమ్మకు చెప్పాను. ప్రింటు చేతిలో పెట్టాను. చాలాసేపు చూసి "గా తువ్వాల నేను బెట్టిందే" అంది. మర్నాడు వాకిలి ఊడుస్తూ మొదలుపెట్టింది. "నడిశి వస్తడట, నడిశి! వాడేమన్న జాతరకొస్తుండా? పుట్టిన్నాడు నడుసుకుంటనే వచ్చిండా నా కడుపులకెళ్లి? ఎత్తుకొని తిరిగినం గదా, మల్ల ఎత్తుకుంటమని రాయి." రాయమంది కాబట్టి రాస్తున్నాను.

బుచ్చిరాములు ఇంటికి వెళ్లాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "వదినె, అన్న ఒట్టు వెట్టిచ్చుకున్నడు" అన్నాడు. ఏమీ అనొద్దన్నావు కానీ అన్నాను. తర్వాత ఇంటికి తీసుకొచ్చి చాయ్ పోశాను. రెండు కప్పులు తాగాడు.

నీ మీద కోపం తగ్గలేదు. ఇన్ని నెలలు నా కళ్ల ముందు నీ ముఖం ఒక్కటి పెట్టి మిగతాదంతా నీడలో దాచావు. ఆ కోపం నువ్వు వచ్చాక తీర్చుకుంటాను. కాగితం మీద తీరేది కాదు.

డార్క్ రూమ్ నిలబడి చేసే పని అని నీకెవరు చెప్పారు? నువ్వు వెళ్లినప్పటి నుంచి నేను స్టూలు మీద కూర్చునే చేస్తున్నాను. నువ్వు చూడలేదు, అంతే. నీ కుర్చీకి అందేలా ప్రింట్లు వేసే ఎన్లార్జర్ బల్లను కిందికి దింపించాను. నీళ్ల తొట్టి కూడా దించాలి, మేస్త్రీ రేపు వస్తానన్నాడు. పెట్టుడు కాలు ఇక్కడ కూడా పెడతారు. కరీంనగర్ వెళ్లి అడిగి వచ్చాను. కొలతకు మనిషి కావాలన్నారు.

జూన్‌లో కరీంనగర్‌లో ఒక పెళ్లి ఒప్పుకున్నాను. ఫిల్మ్ మీదే కావాలట. నిలబడి, తిరిగి తీసేవి నేను తీస్తాను. కూర్చుని కింది నుంచి తీసేవి నువ్వు తియ్యి. మనిషి పెద్దగా కనిపిస్తాడని నువ్వే రాశావు. మందు మాత్రం నేనే కలుపుతాను. ఒకటికి యాభై. అందులో నీ మాట చెల్లదు.

బూట్లు ఎవరికీ ఇవ్వలేదు. కుడివి రెండూ నీకే పనికొస్తాయి.

బుచ్చిరాములు సెలవు అయిపోయింది, ఎల్లుండి ప్రయాణం. వాడి చేతికి ఈ ఉత్తరంతో పాటు నీ నీలం చొక్కా పంపుతున్నాను. నువ్వు విమానం ఎక్కేదాకా వెంటే ఉంటానని ఈసారి నాకు ఒట్టు వేశాడు. కెమెరాలో మిగిలిన రీలు పూర్తి చేసి తీసుకురా. సంచిలో వెయ్యకు, ఎక్స్‌రే పడుతుంది. రాహిల్ లాగా చేతిలో పట్టుకుని రావడానికి నీ చేతులు ఖాళీగా ఉండవు. అందుకని చొక్కాకు లోపలివైపు జేబు కుట్టాను. రీలు పెట్టి చూశాను, సరిపోయింది.

నీ
నవనీత