బాబాయి బండికి బురద

అక్కకి,

నమస్కారం. ఇక్కడ నేనూ నీ మరదలూ కులాసా. పార్సిలు విప్పే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

పెట్టెలో ఉన్నది బాబాయి మిలటరీలో నడిపిన లారీ. అసలు బండిలో ముప్పై అయిదో వంతు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులు వేసి నేనే చేశాను. నాన్న పోయాక మనిద్దర్నీ పెంచిన మనిషి, పక్షవాతం వచ్చినప్పట్నుంచీ గోడవైపు తిరిగి పడుకుంటున్నారని రాశావు. పని చెబితేనే కుడిచెయ్యి స్వాధీనంలోకి వస్తుందని డాక్టరు మొత్తుకుంటున్నా, పిసకమని వ్యాయామం చేయించే అమ్మాయి ఇచ్చిన రబ్బరు బంతిని దిండు కింద దాచేశారనీ రాశావు. ఈ బండిని చూసైనా ఇటు తిరుగుతారేమోనని నా ఆశ.

వెనక ఎక్కించిన సామాను చూడు. పరుపుచుట్టలు టిష్యూ కాగితాన్ని జిగురులో ముంచి చుట్టినవి. తాళ్లు నీ మరదలి కుట్టుదారం. నీళ్ల డబ్బాలు, పార, బకెట్టు, పరుపుచుట్టల మీద కిరసనాయిలు స్టవ్వు. అన్నిటికంటే కష్టపడింది బురదకి. నాలుగు రకాల పొడిరంగులు మెత్తటి కుంచెతో అద్దాను. చక్రాల దగ్గర తడిబురద, పైన ఎండిన దుమ్ము. నెలరోజులు పట్టింది. వచ్చే నెల మా మోడళ్ల ప్రదర్శన ఉంది. అప్పటికి తిరిగి పంపు.

నీ తమ్ముడు

తా.క. తుడవకు. నీ సంగతి నాకు తెలుసు. పోయినసారి నేను సగం తాగిన కాఫీ కప్పు కడిగి బోర్లించావు.

*

తమ్ముడికి,

ఆశీస్సులు. బండి క్షేమంగా చేరింది. బాబాయి మంచం పక్క బల్లమీద పెట్టాను. మధ్యాహ్నం ఇటు తిరిగారు. దేవుడి దయ.

బండి కడగడం అయింది. ఆకుపచ్చగా మెరుస్తోంది.

స్టవ్వు పరుపుల మీదనుంచి ఊడివచ్చింది. ఇప్పుడు డ్రైవరు సీటు వెనక ఉంది. ఉండవలసింది అక్కడేనట.

అక్క

తా.క. కడిగిన నీళ్లు మొక్కలకి పోశాను.

*

అక్కకి,

పళ్లు బిగబట్టి నమస్కారం.

‘కడగడం అయింది.’ అంతేనా? అది మురికి కాదక్కా, రంగు. కళ్లద్దాల మీద ఇంకో కళ్లద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి వేసిన రంగు. నీ మరదలు ఒకటే నవ్వు. “మీ అక్కయ్య దగ్గరికి బురద పంపి, కడగద్దని తాఖీదు కూడానా!” అంటోంది.

స్టవ్వు ఎక్కడుండాలో నీకెవరు చెప్పారు? మిలటరీ లారీ నువ్వెప్పుడైనా ఎక్కావా? నేను ఎక్కాను. బాబాయి ఒళ్లో కూర్చుని హారన్ కొట్టాను. అందుకే నన్ను ఇప్పటికీ క్లీనరనే పిలుస్తారు.

బాబాయి ఇటు తిరిగారన్న మాటకి సగం కోపం తగ్గింది. తక్కిన సగం భద్రంగా ఉంది.

నీ తమ్ముడు

తా.క. మొక్కలు బతికే ఉన్నాయా?

*

తమ్ముడికి,

ఆశీస్సులు. నీ కోపం న్యాయమే. నీ కోసం కూడా ప్రార్థించాను.

ఒక సాయం కావాలి. బండికి మళ్లీ బురద పూయాలి. ఎలాగో రాయి. ఆలస్యం చేయకు.

అక్క

తా.క. మొక్కలు బాగున్నాయి. నీది మంచి బురద. కానీ ఈసారి ఇంకాస్త సులువుగా పోయేది చెప్పు.

*

అక్కకి,

నమస్కారం మాట తర్వాత చూద్దాం.

సులువుగా పోయే బురద కావాలా? పోవడానికే అయితే పూయడం దేనికి? కడిగింది చాలక ఆటపట్టిస్తున్నావా? సరే, రాసుకో. పూలకుండీలోంచి మట్టి తియ్యి. టీ వడపోసే జల్లెడతో జల్లించు. పెనం అడుగున మసి చిటికెడు కలుపు. నీళ్లు చిలకరించి, పాత టూత్‌బ్రష్షుతో పుయ్యి. ఆరాక తీరిగ్గా కడుక్కో. మళ్లీ పుయ్యి, మళ్లీ కడుగు. రోజూ అదే పని పెట్టుకో.

నీ తమ్ముడు

తా.క. ఈ ఉత్తరం పోస్టు చెయ్యొద్దని నీ మరదలు చెప్పింది. చేశాను.

*

తమ్ముడికి,

ఆశీస్సులు, కృతజ్ఞతలు. నువ్వు చెప్పినట్టే రోజూ చేస్తున్నాను. మసి మాత్రం చిటికెడు చాలదు.

నేను కడిగానని ఎక్కడా రాయలేదు. నా ఉత్తరాలు తీసి చూడు.

బండి వచ్చిన రోజు బాబాయి ఇటు తిరిగి చాలాసేపు చూశారు. నేను వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి, మంచినీళ్ల గ్లాసులో రుమాలు ముంచి చక్రం తుడుస్తున్నారు. కుడిచేత్తో. “ఎవడి బండి ఇది, ఇంత దరిద్రంగా పెట్టుకున్నాడు” అన్నారు. మాట ముద్దముద్దగా వచ్చింది. నాకు అర్థమైంది. గుమ్మంలోనే నిలబడిపోయాను. స్టవ్వు మార్చిందీ ఆయనే.

నీకు రాస్తే రెక్కలు కట్టుకుని వాలతావు. చప్పట్లు కొడతావు. ఆయన సిగ్గుపడి మళ్లీ గోడవైపు తిరిగిపోతారు. చెయ్యి కుదురుకునేదాకా చెప్పకూడదనుకున్నాను.

బండి శుభ్రం కాగానే చెయ్యి మళ్లీ దుప్పట్లోకి వెళ్లిపోయింది. అందుకే బురద అడిగాను.

ఇప్పుడు ఆయన లేవకముందే పూసి పెడుతున్నాను. లేచి తిట్టుకుంటూ కడుగుతారు. “బండి బయటికి తీసిందెవరు?” అని అడుగుతారు. అబద్ధం ఆడలేను. ప్రార్థనలో ఉన్నట్టు కళ్లు మూసుకుంటున్నాను. మూసుకున్నాక ఊరికే ఎందుకని నిజంగానే ప్రార్థిస్తున్నాను.

ఇక అక్కర్లేదని వ్యాయామం చేయించే అమ్మాయి తన బంతి తాను పట్టుకుపోయింది. నిన్న ఆయన చెంచా పట్టుకుని తిన్నారు.

నీ నెలరోజుల కష్టం వృథా పోలేదు. నువ్వు అంత బాగా మురికి చేయకపోతే ఆయనకి తుడవడానికి ఏముండేది? నీ చేతులు పదికాలాలు చల్లగా ఉండాలి. దారం ఇచ్చిన మరదలివి కూడా.

ప్రదర్శనకి బండి పంపలేను. డ్రైవరు ఒప్పుకోవడం లేదు.

అక్క

తా.క. నేను రాసింది కనబడకుండా మడిచి, కాగితం ఆయనకి ఇచ్చాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని కింద ఏదో రాసి, చదవొద్దని ఆయనా మడిచి ఇచ్చారు. చదవలేదు.

*ఒరేయ్ క్లీనరూ. స్టవ్వు పరుపుల మీదా? తగలబడదూ? బండి బాగుంది. బురద పూసేది మీ అక్కే. నాకు తెలుసు. చెప్పకు. మానేస్తుంది.*