గోడలో ఎలుక

తమ్ముడికి అక్క దీవెనలు.

చలికాలం రాకముందే నా ఇంటి గోడల సందులన్నీ పూడ్చమని, నన్నడగకుండానే నువ్వు పంపిన మేస్త్రి పని ముగించి వెళ్ళాడు. పొయ్యి వెనక కన్నం పూడ్చేటప్పుడు లోపల ఏముందో చూడనేలేదు. ఇప్పుడు ఆ గోడలో ఎలుక చచ్చి కుళ్ళుతోంది. పొయ్యి వెలిగించి గోడ వేడెక్కిందంటే చాలు, కంపు ఇల్లంతా కమ్ముకుంటోంది. ముద్ద నోట్లో పెట్టుకోలేకపోతున్నాను.

మేస్త్రిని పిలిచి చూపిస్తే, "ఎండిపోతే వాసన అదే పోతుంది పెద్దమ్మగారూ! అందాకా తమ్ముడుగారింట్లో ఉండొచ్చుగా?" అన్నాడు ఆ మహానుభావుడు. ఆ మాట ఎవరు నేర్పారో నాకు తెలుసు. చలి పేరు చెప్పి నన్ను మీ ఇంటికి తరలించాలని ఏటా చూస్తున్నావు. ఒకసారి వస్తే మళ్ళీ ఇక్కడికి పంపవని తెలియనంత అమాయకురాలిని కాను.

అందుకే ఈ ఉదయం ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఉలీ సుత్తీ పట్టి గోడ నేనే పగలగొట్టాను. ఎలుకను పట్టకారుతో లాగి, దూరంగా పాతిపెట్టి వచ్చాను. రాస్తుంటేనే రోత పుడుతోంది. "ఈ వయసులో మీకెందుకండీ ఈ పాట్లు?" అంది పక్కింటావిడ. "వయసూ నాదే, గోడా నాదే" అన్నాను.

ఇప్పుడు గోడకు జానెడు కన్నముంది, చలిగాలి జివ్వున కొడుతోంది. అయినా నేను రాను. అంత బెంగగా ఉంటే ఒక బస్తా సిమెంటు పంపు. మనిషిని మాత్రం పంపకు.

నీ అక్క