చాప కింద దొరికిన పిన్ను

బావా, బాగున్నావా? నువ్వెళ్ళి ఏడాది దాటింది. ఇన్నాళ్ళూ ఒక్క అక్షరం రాయలేదు. ఇవాళ రాస్తున్నది కూడా బెంగ పెట్టుకుని కాదు, చేతులు ఊరికే ఉండలేక.

మన కెజియా నీ బండి వేసుకుని అరకు వెళ్ళింది. తెల్లారగానే బయల్దేరింది. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు.

ముందు నుంచీ చెప్తాను, మధ్యలో అరవకు.

నువ్వు పోయాక ఆ బండి వరండాలో అలాగే ఉండిపోయింది. స్టీలు ప్లాంటు దుమ్ము, సముద్రం గాలి, రెండూ కలిసి దాన్ని తినేశాయి. మీ తమ్ముడు అమ్మేద్దామన్నాడు. కెజియా ఒప్పుకోలేదు. అచ్యుతాపురం కంపెనీలో డ్యూటీ దిగి వచ్చి, రోజూ దాని సీటు తుడిచి గానీ లోపలికి వచ్చేది కాదు. ఆఫ్ ఉన్న రోజు అరకు వెళ్తాను, నాన్న నన్ను ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళిన దారే కదా అంది. నేను వద్దన్నాను. అది ఎవరి కూతురు... వింటుందా?

సరే, నేను బాగుచేస్తేనే ఎక్కాలి, బయటి మెకానిక్ చెయ్యి పడకూడదు అన్నాను. అంత పొగరు నాకు ఎక్కడిదంటావా? నీ పక్కన ఇన్నేళ్ళు టార్చి పట్టుకున్నదాన్ని. "ఎలుతురు నా సేతి మీద కాదే, నట్టు మీద ఎయ్యి" అని ఎన్ని తిట్లు తిన్నాను. ఆ తిట్లతోనే నేర్చుకున్నాను.

రెండు కార్బురేటర్లూ విప్పి కడిగాను. ఇంజన్ స్టార్ట్ చేసి, రెండు సైలెన్సర్ల వెనకా చెరో అరచెయ్యి పెట్టి చూశాను. కుడివైపు సిలిండర్‌ది ఎప్పటిలాగే బద్ధకం. రెండు చేతులకీ పొగ దెబ్బ సమానంగా తగిలేదాకా స్క్రూలు తిప్పుతూనే ఉన్నాను. నీకు వచ్చినంత మెత్తగా రాలేదు గానీ వచ్చింది. అప్పుడు ఏడ్చాను. కెజియా చూడలేదులే.

ఆ తర్వాత బ్రేకులు. చక్రాలు రెండూ విప్పాను. నువ్వు చేసినట్టే పాత చీర పరిచి, విప్పినవన్నీ వరసలో పేర్చాను. "ఇప్పిన వరసే బిగించీ వరస. ఆ సీర మీద ఎవులూ సెయ్యి ఎయ్యకూడదు" అనేవాడివి కదా. నీ చీర అనే అనేవాళ్ళం దాన్ని. యాక్సిల్ నట్టు కదలకుండా గుచ్చి కాళ్ళు వంచే పిన్నులు, ఆ జడపిన్నుల్లాంటివి, కొత్తవి రెండు తెచ్చి ఏ నట్టుది ఆ నట్టు పక్కన పెట్టాను.

ఆ సాయంత్రమే నీ జ్ఞాపకార్థ ప్రార్థన.

చర్చి ఆడవాళ్ళందరూ వచ్చేశారు. ఇంట్లో చోటు చాల్లేదు. నేను వంటింట్లో టీ పెడుతున్నాను. ఎస్తేరమ్మ వదిన వరండాలో చాపలు పరిచింది. పరిచే ముందు నీ చీర నాలుగు కొసలూ పట్టుకుని ఎత్తి, చక్కగా మూట కట్టి, మూలన పెట్టింది. సాయం చేశాననే అనుకుంది, పాపం. నేను టీ పళ్ళెంతో వచ్చి ఆ మూట చూశాను. పాస్టరుగారు అప్పటికే కళ్ళు మూసుకున్నారు. ఏమనను? నేనూ మూసుకున్నాను. నీ కోసం చేసిన ప్రార్థనలో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు.

మర్నాడు మూట విప్పి, ఏది ఎక్కడిదో గుర్తు చేసుకుంటూ అంతా బిగించాను. చీర మీద ఏమీ మిగల్లేదు. ఏమీ మిగల్లేదు కాబట్టి అంతా సరిగ్గా ఉందనుకున్నాను.

ఇవాళ అది వెళ్ళాక చాపలు దులిపాను. ఒక పిన్ను కింద పడింది. కాళ్ళు నిటారుగా ఉన్నాయి. కొత్తది. వంచనిది.

ఒక పిన్ను కాళ్ళు వంచినట్టు నాకు బాగా గుర్తుంది. పటకారు జారి బొటనవేలు గీసుకుంది కూడా. కానీ అది ముందు చక్రానిదా, వెనకదా? ఎంత తలచుకున్నా వేలే కనిపిస్తోంది, చక్రం కనిపించడం లేదు బావా.

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మూడోసారి చెయ్యబోయి ఆగిపోయాను. "బండి మీద ఉన్నోల్లకి ఫోన్ సెయ్యకే. ఆగినప్పుడు ఆలే సేత్తారు." నువ్వు అన్న మాటే. జేబులోంచి తియ్యబోయి చెయ్యి వదిలితే? అలాగని చెయ్యకపోతే? మెసేజ్ పెట్టాను, ఆగు, చక్రాల పిన్నులు చూడు అని. రెండు టిక్కులు పడ్డాయి. నీలం కాలేదు.

అప్పటి నుంచీ నీకు రాస్తున్నాను.

నట్టు గట్టిగానే బిగించాను. పిన్ను లేకపోయినా వెంటనే ఊడదు. కానీ ఆ ఘాట్‌లో మలుపులు నాకు తెలియవా? నీ వెనక కూర్చుని కళ్ళు మూసుకున్నదాన్నే కదా. ఒక్కగానొక్క పిల్ల. నా చేత్తో నేనే...

ఆగు బావా, ఫోన్.

అదే. ఎస్.కోటలో ఉంది, ఘాట్ కింద. నా మెసేజ్ ఇంకా చూడనే లేదట. టీ తాగి, ఎక్కే ముందు ఊరికే చుట్టూ తిరిగి నట్లన్నీ తడిమిందట. "అమ్మా, ఎనక నట్టుకి పిన్ను నేదే. ఇక్కడ ట్రాక్టర్ షెడ్డులో అడిగి ఎయ్యించాను" అంది. కోపం లేదు, కంగారు లేదు. అమ్మ మర్చిపోయిందన్న మాటే లేదు. నేను మాత్రం గుమ్మంలో కూలబడ్డాను.

కాళ్ళు రెండూ వంచారా అని అడిగాను. వంచారంది. నట్టు కదిలించి చూశావా అన్నాను. చూశానంది. తర్వాత "మరి ఎల్లనా అమ్మా?" అంది.

వెనక్కి వచ్చెయ్యి అన్న మాట నోటి చివరిదాకా వచ్చింది బావా. ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ బండి ఎక్కేటప్పుడు నువ్వు ఒక్కసారైనా అడిగావా ఆ మాట? హెల్మెట్ పెట్టుకుని చెయ్యి ఊపేవాడివి, అంతే. చివరిసారి అది కూడా లేదు. డ్యూటీలో కుప్పకూలి, అటునుంచటే వెళ్ళిపోయావు.

ఇది అడిగింది. నన్ను అడిగింది.

వెళ్ళమన్నాను.

ఇప్పుడు ఘాట్ ఎక్కుతూ ఉంటుంది. సిగ్నల్ లేదు. పైకి చేరి ఫోన్ చేసేదాకా ఈ గుమ్మంలోంచి లేవను. అందాకా నీ మీద కోపంగానే ఉంటాను, ఏమీ అనుకోకు.

నీ
సలోమి