ఊరికే ఇచ్చే గడ

ఏప్రిల్, మంగళవారం

యాభై ఎనిమిదేళ్ళకి చెరకు రసం బండి పెట్టానని మరిది ఉయ్యూరు నుంచి కారేసుకొచ్చి మరీ తిట్టాడు, బేరానికొచ్చినవాళ్ళ ముందే.

"మన తోటలోకొచ్చినోడికి గడ ఊరికే ఇచ్చేవాళ్ళం వదినా. నువ్వు పటమట రోడ్డు మీద గ్లాసుల్లెక్కన అమ్ముతావా? పరువు పోతోంది."

మా ఆయన పోయాక తోట మొత్తం తన పేరున రాయించుకున్నప్పుడు ఈ పరువు గుర్తు రాలేదు. తిట్టి తిట్టి గొంతెండిందేమో, రెండు గ్లాసులు తాగాడు. డబ్బులివ్వలేదు. ఇంటివాళ్ళ దగ్గర డబ్బులేంటట.

చక్రం తిప్పీ తిప్పీ కుడి భుజం లేవడం లేదు, జుట్టు ముడి వేసుకోవడానికి కూడా. పూర్తిగా పట్టేస్తే బండి గతేమిటో...

మళ్ళీ రానీ. గడ ఊరికే ఇస్తాను. చక్రం మాత్రం వాడే తిప్పుకోవాలి.