నేను ఊర్లో లేని రోజు

ఆదోని

బంగారు తల్లి హర్షితకు,

నీ నాయన బాలకృష్ణయ్య ఆశీస్సులు. నేల మీద కాలు ఆనడం లేదమ్మా! హైదరాబాదులో కంప్యూటర్‌కు మనుషుల మాటలు నేర్పిస్తాండామని, మన ఆదోని మాట కూడా కావాలని రాస్తివి. పత్తి యార్డులో నా పాత స్నేహితుల మాటలన్నీ నువ్విచ్చిన ఫోన్లో పట్టించినాను. హమాలీ మద్దయ్య ఎద్దుల బేరం చెప్పినాడు. పత్తి ఏరే సిద్దమ్మ కోడలిని తిట్టిన తిట్లు వింటే మీ కంప్యూటర్ పారిపోతాది. మీ అమ్మ కూడా మాట్లాడిందే! మొదట "నాకెందుకండీ" అనింది. "బిడ్డ కోసం, కూచో" అంటి. తలుపేసుకొని చానాసేపు మాట్లాడింది.

ఒప్పుకున్నట్టు సంతకాలు కావాలంటివి గదా, అందరి తరఫునా నేనే పెట్టినాను. నలభై ఏండ్లు వాళ్ల బేరాలు కుదిర్చినోణ్ణి, ఇదొక లెక్కా?

సంతోషం పట్టలేని
నీ నాయన

హైదరాబాదు

ప్రియమైన నాయనా,

నవ్వుకుంటూ చదివి, సంతకాల దగ్గర ఆగిపోయినాను. ఎవరి మాటకు వాళ్లే ఒప్పుకోవాలి. ఈ ఏఐ ఒకసారి నేర్చుకుంటే, సిద్దమ్మవ్వ మాటను దాంట్లోంచి ఏరి తీయడం మా చేత కాదు. అందుకే ముందే అడుగుతాం. అడగకుండా తెచ్చినవి వాడొద్దని మా ఆఫీసు పెద్దలు అన్నారు. నేనూ ఒక్కటి కూడా వినలేదు. ఈ నెలలో సరిచేయకపోతే ఆదోని మాట లేకుండానే మా పని అయిపోతుంది. నాకు ఏడుపొస్తోంది నాయనా.

నీ హర్షిత

ఆదోని

ఏడవొద్దు తల్లీ!

ఇంటింటికీ పోయి అడిగినాను. ఒక్కరన్నా వద్దంటే ఒట్టు! "ఇష్టం లేకపోతే చెప్పు" అంటే మద్దయ్య, "నువ్వడిగినాక కాదంటానా సావుకారీ" అనినాడు. మీ అమ్మా తలూపింది. ఇంక దిగులెందుకు?

గెలిచి వచ్చిన
నీ నాయన

హైదరాబాదు

ప్రియమైన నాయనా,

కోపం తెచ్చుకోకు. ఎవరూ వద్దనలేదంటేనే నాకు భయం. మద్దయ్య మామ ఏమన్నాడో నువ్వే మళ్లీ చదువు. నీ మొహం చూస్తూ వద్దనేవాళ్లు ఆదోనిలో ఎవరున్నారు? ఎమ్మిగనూరు నుంచి నా స్నేహితురాలు ఈశ్వరి వస్తుంది, తనే అందరినీ అడుగుతుంది. ఆ రోజు నువ్వు ఊర్లో ఉండొద్దు.

నీ మీద ప్రేమతోనే,
హర్షిత

ఆదోని

నా చిట్టి తల్లికి,

నా ఊర్లో నన్నే ఉండొద్దంటావా అని కోపం వచ్చిన మాట నిజమే. అయినా మంత్రాలయం బస్సెక్కినాను. తిరిగొచ్చి "ఎవరేమనినారు?" అంటే ఈశ్వరి, "మీకు చెప్పకూడదంకుల్. హర్షిత పనికి సరిపడా మాటలు ఉన్నాయి" అనేసింది. ఎంత గట్టి పిల్ల!

మరుసటి రోజు యార్డులో సిద్దమ్మే చెప్పింది. "నావి తీసేయమన్నానప్పా. కోడలు ఈమధ్య బాగా చూసుకుంటాంది. ఆ తిట్లు ఆడ పడుండడమెందుకు?" "నేనడిగినప్పుడు చెప్పొచ్చు గదా?" అంటే, "నీకెట్ల చెప్పేది?" అని నవ్వింది.

ఇంటికొస్తే మీ అమ్మ కాఫీ గ్లాసు చేతికిచ్చి నిలబడింది. "నేనూ వద్దన్నాను" అనింది.

గ్లాసు అట్లే పట్టుకున్నాను. పెండ్లయినప్పటి నుంచి ఆమె నోట ఆ మాట వినలేదు తల్లీ. అన్నిటికీ సరే అంటుంటే నా అమృతవల్లికి అంతా ఇష్టమే అనుకుంటి.

"అంతసేపు ఏం మాట్లాడినావే?"

"చెప్పేదైతే ఎందుకు తీయించుకుంటాను?"

ఇద్దరం పడీపడీ నవ్వినాము. ఏం చెప్పిందో నాకు తెలీదు, నువ్వూ వినలేదంటివి, అట్లే పోనీ. ఇప్పుడు చూడాల ఆమెను! ఉగ్గాని చేయమంటే "ఈపొద్దు వద్దు" అంటాంది. ఆ వద్దు వింటుంటే ఎంత ముద్దుగా ఉండాదో! నీ చదువు మా ఇంట్లో చేసిన పని ఇదమ్మా.

ఇందాక, మంత్రాలయం పోదాం రా అంటి. కాదు, తప్పు రాసినాను. వస్తావా అని అడిగినాను. ఆలోచించి చెప్తాననింది. పెండ్లిచూపులకు పోయినోని మాదిరి ముందరింట్లో కూచొని, ఈ ఉత్తరం రాస్తా ఎదురుచూస్తాండాను.

నీ నాయన