ఆగిన కంప్రెసర్‌ని నడిపించాను

నసీను (సువా పక్క ఊరు), మంగళవారం.

రామయ్య మామ టాక్సీలో ఏసీ కంప్రెసర్ ఆగిపోయింది. జబ్బుపడ్డ అత్తను ఎండ వేడి తగలకుండా సువా ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్న తొందరలో, గ్యాస్ ఎంతుందో చూడకుండానే, స్విచ్ తప్పించి నేరుగా వైరు కలిపాను. దారిలో కంప్రెసర్ బిగుసుకుపోయి బెల్టు తెగింది. ఇంజన్ మరిగి బండి ఆగింది. అత్త ఎండలో గంటసేపు కూర్చుని సొమ్మసిల్లింది. ఇంకా కళ్ళు తెరవలేదు.

"గ్యాస్‌తోనే ఆయిల్ తిరుగుతాది, బేటా," అన్నాడు మా గ్యారేజీ మేస్త్రీ. "గ్యాస్ తగ్గితే పాడవకుండా ఆ స్విచ్చే ఆపుతాది. నువ్వు జబర్దస్తీగా నడిపించినావు."

పనివాడు ఊరికే పని ఆపడని, యూనియన్ కరపత్రాలు చూపించి ఆయనతోనే ఎన్నిసార్లు పోట్లాడాను!

వార్డు బయట మామ తిడతాడనుకున్నాను. తిడితే నేనూ అరిచేవాణ్ణి.

"పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నావా, బాబూ?" అన్నాడు.