దూది గోడౌన్ కప్పు

మెట్టుగూడ, మే 4

ప్రియమైన సుమిత్రా,

కాలు ఎలా ఉంది? మెట్ల మీద జారినప్పుడు కాలు విరగడంతో పాటు నీ ఫోను కూడా పగిలింది. మీ వదిన ఫోనుకు చేస్తే స్పీకర్లో ఇల్లంతా వింటారు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు అన్న పని మొదలుపెట్టాను. ఆఫీసులో మన ఊడ్చే కాంట్రాక్టు పోయిన రోజు నువ్వేగా అన్నావు, "వానలకు ముందు కప్పు అంచున వాననీళ్ల గట్టర్లు సాఫ్ చేసేటోళ్లు ఒక్కరు సుత దొరుకరు, మనం షురూ చేద్దాం" అని. పెయింటర్ నరసరాజు దగ్గర నిచ్చెన రోజు కిరాయికి తెచ్చాను. బకెట్టు, తాపీ, గోనె సంచులు ఇంట్లోవే. కొన్నది ఒక తాడు, రెండు జతల గ్లౌజులు, అంతే. చేత్తో రాసిన కాగితం జిరాక్స్ తీయించి గోడలకు అంటించాను. ఒకటి ఇందులో పెట్టాను చూడు.

మొదటి ఇల్లు శారదమ్మ గారిది. గట్టర్లో వేపాకు కుళ్లి నల్లమట్టి అయిపోయింది. అంతా గీకి నీళ్లు పోస్తే పైపులోంచి దబదబా కిందికి దూకాయి. ఆవిడ చప్పట్లు కొట్టింది!

నిచ్చెన పట్టుకోవడానికి మనిషి కావాలి కదా, వెనక వాటాలో ఉండే కల్పలత వస్తోంది. చలాకీ మనిషి. నువ్వు లేచేవరకే.

మందులు మానకు.

నీ వసుధ


జనగామ, మే 9

ప్రియమైన వసుధా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. సంతోషంగా ఉంది అని రాయాలి. రాశాను, చూడు.

కాగితం కూడా చూశాను. "వసుధ, కల్పలత" అని ఎంత పెద్ద అక్షరాలో! నేను లేచేవరకే వచ్చిన మనిషి పేరు కాగితం మీద ఎందుకు? గ్లౌజులు రెండు జతలు కొన్నావట. రెండో జత ఎవరి చేతి కొలతకు కొన్నావు?

ఆరేళ్లు ఒకే డబ్బాలో అన్నం తిన్నాం. ఆమె కూడా అందులోనే తింటోందా?

నేను మంచం మీద పడి ఫ్యాను చూస్తుంటే నా ఆలోచనతో అక్కడ ఎవరో చప్పట్లు కొట్టించుకుంటున్నారు. "ఏందే, ఉత్తరమొస్తే మూతి గట్ల పెట్టినవ్?" అని వదిన అడిగింది. కాలు నొప్పి అన్నాను.

జాగ్రత్త.

నీ సుమిత్ర


మెట్టుగూడ, మే 15

ప్రియమైన సుమిత్రా,

పిచ్చిదానా! కాగితం మీద రెండు నంబర్లుంటే మంచిదన్నారు. నీకు ఫోను లేదు, ఆమె నంబరు వేశాను. నంబరు వేశాక పేరు వేయకుండా ఎలా?

యాప్రాల్లో రెండు ఇళ్లు చేశాం. కల్పలత పాత పరదా గుడ్డతో ఇద్దరికీ ఏప్రాన్లు కుట్టింది, తాపీ పెట్టుకోవడానికి జేబు కూడా పెట్టి. భలే ఉపాయాలు ఆమెకు. పైనుంచి బకెట్టు తాడుతో దించుదామన్నదీ ఆమే. నువ్వు చూస్తే నీకూ నచ్చుతుంది.

అసలు సంగతి. సీతాఫల్‌మండి దూది గోడౌన్ పని దొరికింది, ఇరవై నాలుగున. ఇది బాగా చేస్తే నిచ్చెన సొంతంగా కొనుక్కోవచ్చు. అక్కడ గట్టర్ అంచున లేదట, రెండు కప్పుల మధ్య ఉందట. సిమెంటు రేకుల మీద నడిచి పోవాలి. ఆఫీసుకు రాకముందు నువ్వు ఆ గోడౌన్లో రెండేళ్లు ఊడ్చావు కదా! ఆ కప్పు సంగతి నీకు తెలిసిందంతా రాయి. నీ జవాబు చూసే ఎక్కుతాం.

నీ వసుధ


జనగామ, మే 19

ప్రియమైన వసుధా,

గోడౌన్ గురించి అడిగావు. కప్పు మామూలుదే. ఉపాయాలు చెప్పేవాళ్లు పక్కనే ఉన్నారు కదా, మిగిలింది వాళ్లనే అడుగు.

నా కట్టు ఈ నెలాఖరుకు విప్పుతారట. నీకు తీరిక లేదు కాబట్టి నా గురించి ఇంతే.

సుమిత్ర


జనగామ, మే 24, పొద్దున ఏడు

ప్రియమైన వసుధా,

కప్పు ఎక్కకు. ముందు ఆ మాట చదువు, తర్వాత మిగిలింది.

ఉత్తరం వైపు మూడు రేకులు ఎప్పుడో పగిలాయి. కొత్తవి వేయకుండా తారుపట్టీ అంటించి పైన రంగు కొట్టారు. చూస్తే మంచి రేకుల్లాగే ఉంటాయి, కాలు పెడితే విరుగుతాయి. గట్టర్ దగ్గరికి పోవాలంటే వాటి మీదుగానే పోవాలి.

ఈ సంగతి మొన్నటి ఉత్తరంలో రాశాను. రాసి, ఆ కాగితం చించేసి, నువ్వు చదివినది రాసి పంపాను. పని చెడిపోతే కల్పలతతో నీకు చెడుతుంది, అప్పుడు నాకోసం ఆగుతావు అనుకున్నాను. ఎవరైనా పడతారని ఆలోచించలేదు... అబద్ధం. ఆలోచించాను. ఆమె పడుతుందని ఆలోచించాను. నువ్వు పడతావని మాత్రం ఇవాళ లేవగానే తట్టింది.

వదిన ఫోనుతో పదకొండుసార్లు చేశాను. నువ్వు ఎత్తడం లేదు, ఫోను సంచిలో పడేసి బయల్దేరి ఉంటావు. కల్పలత నంబరున్న కాగితాన్ని వచ్చిన రోజే పొయ్యిలో వేశాను. అన్న హరికిషన్ చేతికి ఈ చీటీ ఇచ్చి రైలెక్కిస్తున్నాను.

అన్న నీకు అందాలి. నన్ను ఏమన్నా అను, కానీ ఎక్కకు.

సుమిత్ర


మెట్టుగూడ, జూన్ 2

సుమిత్రా,

మీ అన్న గోడౌన్ గేటు దగ్గరికి వచ్చేసరికి పన్నెండున్నర. "ఎక్కకుండ్రి, ఎక్కకుండ్రి" అని అరుస్తూనే వచ్చాడట. అప్పటికి మేము ఆస్పత్రిలో ఉన్నాం.

కప్పు మామూలుదే అని నువ్వు రాశావు కాబట్టి ధైర్యంగా ఎక్కాం. "నేను తేలికగుంట, ముందుగాల నేను పోత" అని కల్పలత ముందు నడిచింది. పదిన్నర దాటింది. నాలుగో అడుగుకు రేకు ఫటేల్మంది. మనిషి చంకల దాకా దిగిపోయింది. కింద దూది తూచే ఇనుప కాటా ఉంది. నడుముకు కట్టిన తాడు రెండో కొస దూలానికి ఉంది కాబట్టి ఆగింది. నేను బోర్లా పడుకుని ఆ తాడు పట్టుకుంటే, కింద ఇద్దరు హమాలీలు పేర్చిన దూది మూటల మీద నిలబడి ఆమె కాళ్లు పట్టుకుని దించారు. తొడ చీరుకుపోయింది, పద్దెనిమిది కుట్లు. ఒక పక్కటెముక చిట్లింది. బతికింది.

మీ అన్న అక్కడికే తెచ్చిచ్చిన నీ చీటీ ఆస్పత్రి వరండాలో చదివాను. తొమ్మిది రోజులు నీకు ఏం రాయాలో తెలియలేదు.

"ఏం రాసింది?" అని కల్పలత అడిగింది. దాచబుద్ధి కాలేదు, అంతా చదివి వినిపించాను. "నేనంటే గంత కుళ్లా ఆమెకు? నన్ను ఒక్కసారి సుత చూడలే కదా" అంది. నవ్వబోయింది, ఎముక నొప్పికి ఏడ్చింది. నీళ్లు తాగాక అంది, "ఆమె కట్టు విప్పిన్రా? అడుగు. యాప్రాల్ల నాలుగు ఇండ్లకు మాటిచ్చినం. నేను రెండు నెలలు లేవ. వానలు ఆగుతయా?"

నేను వద్దన్నాను. "ఇంకెవరు తెలుసు నీకు గీ పని? జెర ఆలోచించు" అని నా మీదే కోప్పడింది.

ఆమె నిన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు, అడగలేదు. నేను క్షమించలేదు. ఈ పని ఆలోచన నీదేనని మేము అందరికీ చెప్పుకున్నాం సుమిత్రా, యాప్రాల్ ఇళ్లలో కూడా చెప్పాను, ఇది మా సుమిత్ర తెలివి అని. ఆ సంగతి నీకు రాయలేదు, వచ్చాక నీ చెవులతో వింటావని.

సోమవారం పొద్దున పుష్‌పుల్ రైలుకు రా. కాలు గట్టిపడేదాకా నువ్వు కిందే ఉండు. వచ్చే దారిలో ముందు ఆస్పత్రికి వెళ్లి ఆమెకు ఎదురుగా నిలబడు. ఏం చెబుతావో నీ ఇష్టం. తర్వాత పనికి రా. నాతో మాత్రం పని మాటలే మాట్లాడు. మిగిలినవి ఎప్పటికి వస్తాయో, వస్తాయో రావో, నాకే తెలియదు.

వసుధ